గ్వెనోలా కుడికాలి పంపు

టుడువల్ పడవ అమ్మేస్తున్నాడని రేవంతా అనుకున్నారు. పొద్దున రొట్టెల కొట్టు ముందు వరసలో పుట్టిన మాట మధ్యాహ్నానికి చేపల బల్లల దగ్గరికి, సాయంత్రానికి చర్చి మెట్లదాకా పాకింది. మోసినవాళ్ళలో ఒక్కరూ ఆ పడవలో అడుగుపెట్టి చూడలేదు. చూసింది అన్నైక్ ఒక్కతే. అందుకే ఆమె చూసింది చూసినట్టు చెప్పుకుంటే తప్ప ఈ పుకారు తెగదు.

పుట్టించింది చేపలమ్మే మరివోన్.

"పడవకి కొత్త నీళ్ళ పంపు కొన్నాడమ్మా! పెళ్ళాం బతికున్నన్నాళ్ళూ పాతదానికి సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి నెట్టుకొచ్చిన మనిషి! ఇప్పుడు నిగనిగలాడే పంపు చంకన పెట్టుకుని పోతున్నాడంటే, కొనేవాడికి చూపించడానికి కాకపోతే మరెందుకంట?"

"పంపన్నాక పాడవదా? పాడైతే మార్చుకోడా?" అంది అన్నైక్.

"మార్చుకోనీ. ఆ పెడళ్ళు కూడా అందరి పడవల్లా పెట్టించాడనుకో, అమ్మకం ఖాయమన్నమాటే. ఆ తిరకాసు పడవని ఉన్నదున్నట్టు ఎవడు కొంటాడే?"

ఆ చివరి మాట అన్నైక్‌కి ముల్లులా దిగింది. రొట్టె తీసుకోవడం మర్చిపోయి సగం దారి నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

తిరకాసు అబద్ధమేం కాదు. ఆ రేవులో ఏ పడవ చూసినా వంట తొట్టి కింద రెండు పంపు పెడళ్ళుంటాయి. ఎడమది తొక్కితే ట్యాంకులోంచి మంచినీళ్ళు, కుడిది తొక్కితే సముద్రంలోంచి ఉప్పునీళ్ళు. గిన్నెలు కడగడానికీ బంగాళదుంపలు ఉడకేయడానికీ ఉప్పునీళ్ళే వాడతారు. టుడువల్ పడవ స్టెరెడెన్‌లో మాత్రం మంచినీళ్ళు కుడికాలికి వస్తాయి. అతని భార్య గ్వెనోలా అలా పెట్టించుకుంది.

ఆ పడవని టుడువల్ బస్సు నడుపుతూ, సెలవురోజుల్లో మామగారి ఆపిల్ సారా కొట్టంలో కట్టాడు. తీరా పూర్తయ్యాక చూస్తే పడవ వెడల్పుకి తలుపు చాల్లేదు. మామగారు నెత్తిన చేతులు పెట్టుకుని పీపా మీద కూలబడ్డాడు. గ్వెనోలా ఇంట్లోకెళ్ళి గునపం తెచ్చి, పుట్టింటి గోడకి మొదటి దెబ్బ తనే వేసింది. ఆ గోడకి వేసిన అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"లోపల వంటగది నీ ఇష్టం," అన్నాడు టుడువల్, మురిసిపోయి.

గాలికి పడవ వాలినప్పుడు గ్వెనోలా ఎడమ మోకాలు పొయ్యి పక్క చెక్కకి తన్నిపెట్టి నిలబడేది. "ఇది నిలబడే కాలు, అది తొక్కే కాలు," అని తేల్చేసింది. ఇక ఆ పడవలో ఎవరు కాఫీ కాచబోయినా ఉప్పు కాఫీయే. ఒకసారి ఫాదరీగారు "నేను కాస్తానమ్మా" అని మర్యాదకి లేచి, తను కాచింది తనే గిన్నెడూ తాగేసి, బాగుందని కూడా అన్నారు. పాపం, రెండోసారి ఎక్కితే ఒట్టు.

ఎప్పుడూ తప్పు తొక్కనిది అన్నైక్ ఒక్కతే. చిన్ననాటి నుంచీ ఆమెకీ గ్వెనోలాకీ ఒకే బెంచీ, ఒకే గొడుగు. ప్రతి ఆగస్టులో ముగ్గురూ ఆ పడవలోనే దీవి జాతరకి వెళ్ళేవాళ్ళు. కిందటి వసంతంలో గ్వెనోలా పోయింది. ఆ ఆగస్టులో ఎవరూ వెళ్ళలేదు. ఇప్పుడు పడవే పోతే జాతర మాట అటుంచి, గ్వెనోలా నిలబడి పాటలు పాడుతూ నీళ్ళు తొక్కిన ఆ కాస్త చోటు కూడా ఇక ఉండదు.

అన్నైక్ ఆగలేకపోయింది. సముద్రం వెనక్కి పోయి రేవు అడుగు బయటపడిన వేళ బూట్లు తొడుక్కుని, బురదలో పచక్ పచక్‌మంటూ నడిచి, చెక్క ఊతకాళ్ళ మీద నిలబడ్డ స్టెరెడెన్ దగ్గరికి వెళ్ళింది.

"ఎవరది?" అని లోపల్నుంచి కేక.

"పడవ కొనడానికొచ్చా."

"నీ మొహానికి పడవొకటి తక్కువ! రా, వచ్చి ఈ టార్చి పట్టుకో."

తొట్టి కింద టుడువల్ సగం మనిషి దూరిపోయి ఉన్నాడు. కాళ్ళే కనిపిస్తున్నాయి.

"తినడానికి ఏమైనా తెచ్చావా?"

"రొట్టెలో పెట్టి తెచ్చా."

"లోపలేముంది?"

"పేరు చెప్పకూడనిది. చెవులు పొడుగ్గా ఉంటాయి."

"గ్వెనోలా ఉంటే నిన్నూ దాన్నీ కలిపి నీళ్ళలోకి విసిరేసేది," అన్నాడు నవ్వుతూ. పడవ మీద కుందేలు పేరెత్తడమే అరిష్టం, తేవడం మరీను. ఇద్దరూ చెరి సగం తిన్నారు.

పాత పంపు ఊడి రావడానికి మొరాయించింది. క్లిప్పులు తుప్పుపట్టాయి, పైపు ఎముకలా గట్టిపడింది. డబ్బాలో తెచ్చిన నీళ్ళు కాచి పోస్తే గానీ మెత్తబడలేదు. పంపు బయటికి వచ్చాక దాని ముందు పలక మీద రంగు పోయి, మడమంత మేర చెక్క నున్నగా తేలి కనిపించింది. టుడువల్ దాన్ని గుడ్డతో రెండుసార్లు తుడిచాడు. అన్నైక్ టార్చి వెలుగు గ్వెనోలా మడమ అరగదీసిన ఆ చోటి మీదే నిలిపేసింది.

"వెలుగు అటు కాదు, ఇటు," అన్నాడు. మళ్ళీ తనే, "పోనీ నువ్వు పైకెళ్ళి పోటు వస్తోందేమో చూడు," అన్నాడు.

పోటు రావడానికి ఇంకా చాలా టైముంది. తనని తరిమేస్తున్నాడని అన్నైక్‌కి తెలుసు. పైకెళ్ళి కూర్చుని చెవులు మాత్రం కిందే ఉంచింది. స్పానరు చప్పుడు, మూలుగు, ఒక బూతు, మళ్ళీ స్పానరు. ఒక్క పంపుకి ఇంత సేపా అనుకుంది. చాలాసేపటికి గుడగుడమని గాలి దగ్గిన చప్పుడు, ఆ వెనకే నీళ్ళ ధార. ఆ చప్పుడు వినగానే లోపల గ్వెనోలా గొంతు ఎత్తుతుందేమోనని ఆమె ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది.

పోటొచ్చింది. స్టెరెడెన్ ఒళ్ళు విరుచుకున్నట్టు ఓసారి కదిలి తేలింది.

"కాఫీ నేను కాస్తా," అంది అన్నైక్ లోపలికి దిగి. కాళ్ళవైపు చూడలేదు. ఆ పడవలో చూడాల్సిన అవసరం ఆమెకి ఎన్నడూ రాలేదు. ఎడమ మోకాలు చెక్కకి ఆనించి, కుడికాలితో తొక్కి, కెటిల్ నింపింది.

కాఫీ కాగాక మొదటి గుక్క నోట్లో పోసుకోగానే తొట్టిలోకి ఉమ్మేసింది.

టుడువల్ విరగబడి నవ్వాడు. ఏడాదిగా రేవులో ఎవరూ వినని నవ్వది. "ఫాదరీగారే నయం! ఉమ్మకుండా తాగాడు!"

అన్నైక్ నవ్వలేదు. వంగి చూసింది. కొత్త మంచినీళ్ళ పంపు ఎడమ పక్కన ఉంది. ఉప్పునీళ్ళ పంపు కూడా ఊడదీసి కుడిపక్కకి జరిపాడు. అందరి పడవల్లాగే. మరివోన్ చెప్పినట్టే.

"మార్చేశావు," అంది. "గ్వెనోలా పెట్టుకున్నది మార్చేశావు. ఇంక దాచకు టుడువల్, నా మొహం చూసి చెప్పు. పడవ అమ్మేస్తున్నావా?"

టుడువల్ ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని తొట్టిలో ఒంపేశాడు. ఎడమకాలితో తొక్కి కెటిల్ మళ్ళీ నింపుతూ అన్నాడు:

"బస్సు బ్రేకు తొక్కీ తొక్కీ నా కుడి మోకాలు ఎప్పుడో అరిగిపోయింది, అన్నైక్. తను ఉన్నన్నాళ్ళూ ఈ తొట్టి దగ్గరికి నన్ను రానిచ్చిందా ఏంటి? ఇప్పుడు వంట నాదే కదా. జాతరకి బంగాళదుంపలు మాత్రం నువ్వు తేవాలి. ఉప్పునీళ్ళు ఎటున్నాయో నీకు తెలిసిందిగా."