ఏడు ఎర్ర జెర్సీలు, కుప్పం కబడ్డీ

నేను కుట్టిన జెర్సీలు తొడుక్కోని ఏడు మంది మొగోళ్ళు మూడు దినాలు ఎర్రగా తిరిగినారంటే నమ్ముతారా? నవ్వొద్దండీ, ముందు టీ తాగండి, చల్లారిపోతాది. ఎర్రగా తిరిగినోళ్ళు తిట్టినారంటే ఒక అర్థం ఉండాది. ఆమీద ఇంకొకాయన వచ్చి తిట్టినాడు చూడండీ, ఆ తిట్టుకి అర్థం ఏందో నాకు ఇప్పటికీ తెలీదు.

అప్పటికింకా సెల్‌ఫోన్లు లేవు. మదనపల్లిలో మా ఇంటి ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు వేసుకోని నేనూ, మా వదిన నాగరత్నమ్మా నైటీలు కుడతాంటిమి. వదినంటే మా ఆయన అక్క. ఆమె కొలిచి కొలిచి కత్తిరించే మనిషి. నేను కత్తిరించినాక కొలిచే మనిషి. ఆమె పేర్లో రత్న, చంద్రకళ అనే నా పేర్లో కళ తీసుకోని "రత్నకళ" అని లేబుళ్ళు గూడా నేయించుకున్యాం. వెయ్యి లేబుళ్ళు! నైటీలు మాత్రం అప్పటికి నలభై కుట్టింటాం, అంతే.

ఒక సోమవారం పుంగనూరు నుంచి రెడ్డెప్ప అని ఒకాయన వచ్చినాడు. పొద్దునపూట సైకిల్ మింద ఇల్లిల్లూ తిరిగి పాలు పోసే మనిషి. సాయంత్రమైతే వాళ్ళ ఊరి కబడ్డీ టీముకి కెప్టెన్.

"అక్కా, వచ్చే ఆదివారం కుప్పంలో టోర్నమెంట్ ఉండాది. ఏడు జెర్సీలు కావాల. ఎర్రగా ఉండాల. దూరం నుంచి సూస్తానే కుప్పమోళ్ళకి దడ పుట్టాల!"

జెర్సీ అనేది నేను జన్మలో కుట్టింది లేదు. అయితే నా నోరుండాదే, అది నాకంటే ముందు పోతాది. "దాందేముందప్పా! నైటీ పొట్టిగా కత్తిరిస్తే జెర్సీ!" అనేసినాను.

రెడ్డెప్ప నా పక్క ఒక రకంగా చూసినాడు. వదిన మిషన్ తొక్కేది ఆపేసింది.

మరుసటి దినమే బెంగుళూరు బస్సెక్కేసినా. ఆడ ఒక సందులో బనీను గుడ్డ కిలోల లెక్కన అమ్ముతారు. ఒక తాను చూసినా చూడండీ, ఏం ఎరుపు! ఎండు మిరపకాయలు ఆరబోసినట్ల ఉండాది. "రంగు పోతాదా అప్పా?" అంటే, అంగడాయన ఎదురొమ్ము మింద చెయ్యి పెట్టుకోని, "ఫాస్ట్ కలర్ అమ్మా, గ్యారంటీ!" అన్యాడు. తాను మొత్తం మోసుకోని వచ్చేసినా.

ఇంటికి తెస్తానే వదిన అనింది, "ఒక ముక్క నానబెట్టి చూద్దాం చంద్రా."

"నానబెడితే మెరుపు పోతాది వదినా. వాళ్ళేమన్నా చెరువులో ఆడతారా?"

"చెమట పట్టదా?"

"కబడ్డీకి ఎంత చెమట పడతాది వదినా, అరగంట ఆట!"

అది మే నెల. ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పుకోవాల్సిన అవసరం లేదు.

ఏడు జెర్సీలు నాలుగు దినాల్లో లేచినాయి. వెనక తెల్ల గుడ్డతో నంబర్లు, మెడ కింద మా లేబుల్. శనివారం రెడ్డెప్ప వచ్చి తీసుకోని పోతా, "అక్కా, సినిమా హీరో వేసుకునేట్ల ఉండాదక్కా" అన్యాడు. ఇంగ నా కాళ్ళు నేల మింద ఆనలేదు.

అక్కడితో గమ్మునుండొచ్చు గదా? ఉండలేదు. కుప్పంలో ఒక శెట్టి రెడీమేడ్ అంగడి పెట్టుకోనుండాడు. ఆయనకి మా నైటీలు అంటగట్టాలని ఆర్నెల్ల నుంచి తిరగతా ఉండా. ఆయనేమో "సూద్దాంలేమ్మా" అని దాటేస్తా ఉండాడు. ఎస్టీడీ బూతుకి పోయి ఆయనకి ఫోను కొట్టినా. "అన్నా, రేపు కబడ్డీ ఆటకి వచ్చి పుంగనూరు టీమ్ జెర్సీలు సూడు. అవి మావే. గుడ్డ ఫాస్ట్ కలర్! మా సరుకు యెట్లుంటాదో నీకే తెలుస్తాది!"

తెలిసింది. బాగా తెలిసింది.

ఆదివారం నైటీల సంచి ఒకటి పట్టుకోని కుప్పం పోయినాను. స్కూలు మైదానం, నలు పక్కలా జనం. దుమ్ము లేవకుండా గ్రౌండంతా నీళ్ళు చల్లినారు. నేనూ శెట్టన్నా ముందు వరస కుర్చీల్లో కూర్చున్యాం. కుప్పమోళ్ళు తెల్ల బనీన్లు తొడుక్కోనుండారు, ఉతికి నీలి పెట్టినట్ల తళతళా మెరస్తాండాయి. మా పుంగనూరోళ్ళు ఎర్రగా వరసన దిగితే జనం "ఓ!" అని అరిచినారు. నేను శెట్టన్న పక్క తిరిగి, "సూసినావా అన్నా" అన్యాను. "బాగుండాయమ్మా" అన్యాడు ఆయన. ఆ ఒక్క మాట వినేదానికి ఆర్నెల్లు పట్టింది నాకు. దాని ఆయుష్షు సరిగ్గా పది నిమిషాలు.

రెడ్డెప్ప కూతకి పోయినాడు. కుప్పం కెప్టెన్ ఒడుపుగా వచ్చి నడుము పట్టుకున్యాడు, ఇంకో ముగ్గురు మింద పడినారు. పెనుగులాడి పెనుగులాడి రెడ్డెప్ప గీత తాకినాడు. పైకి లేస్తే ఏముండాది! కుప్పం కెప్టెన్ బనీను ముందర పక్క అంతా ఎరుపు!

"రక్తం! రక్తం!" అని జనంలో యెవరో కేక పెట్టినారు.

అంపైరు పీటీ మాస్టారు. ఉరుకులో వచ్చి విజిల్ ఊదినాడు. ఫస్ట్ ఎయిడ్ ఆయన దూదీ టింక్చరూ పట్టుకోని పరిగెత్తినాడు. కుప్పం కెప్టెన్ని నేల మింద పడుకోబెట్టి బనీను పైకెత్తి వెతకతాండారు, గాయం యాడుందని.

"సార్, నాకేం కాలేదు సార్!"

"నువ్వు గమ్మునుండప్పా. షాక్‌లో తెలీదు నొప్పి."

ఫస్ట్ ఎయిడ్ ఆయన దూదితో తుడిచి, ముక్కు దగ్గిర పెట్టుకోని వాసన చూసి, "సార్, ఇది రంగు సార్" అన్యాడు.

అందరూ ఒక్కసారి రెడ్డెప్ప పక్క తిరిగినారు. రెడ్డెప్ప తన చేతుల పక్క చూసుకున్యాడు. అరచేతులు రెండూ పండిన గోరింటాకు మాదిరి ఉండాయి. ఆమీద ఆయన జనంలో నా కోసం వెతకడం మొదలుపెట్టినాడు. నేను నైటీల సంచి ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్యాను.

శెట్టన్న మెల్లగా అన్యాడు, "ఫాస్ట్ కలరంటే బిరీన పోయే కలరని నాకు తెలీదే అమ్మా!"

సరే, అంతటితో ఆపేస్తే బాగుండు. ఆట మళ్ళీ మొదలైంది. ఈసారి పుంగనూరు పిలకాయ ఒకడు కూతకి పోయి వచ్చి, "తాకినా సార్!" అన్యాడు. కుప్పమోళ్ళు "తాకలా, తాకలా!" అన్యారు. ఎప్పుడూ ఉండే గలాటానే ఇది. ఆ పీటీ మాస్టారు ఏం చేసినాడంటే, కుప్పమోళ్ళని వరసన నిలబెట్టి ఒక్కొక్కర్నీ తిప్పి చూసినాడు. మూడో ఆయన భుజం మింద ఐదు వేళ్ళూ అచ్చు గుద్దినట్ల ఉండాయి!

"ఇదేందిరా? నువ్వు పుట్టినప్పటి నుంచి ఉండాదా ఇది? అవుట్!"

జనం పడి పడి నవ్వినారు. ఆ దెబ్బతో మాస్టారికి హుషారొచ్చేసింది. ప్రతి కూతకీ బనీన్లు పరిశీలన. మోకాలు కాడ మరక, అవుట్. చెవి మింద మరక, అవుట్. పుంగనూరుకి పాయింట్లు మింద పాయింట్లు! నేను మెల్లగా సంచి దించినాను. ఒక క్షణం, నిజంగా చెప్తాండా, నేనేదో కనిపెట్టినట్ల కూడా అనిపించింది.

కుప్పమోళ్ళు ఊరుకుంటారా? "రంగు పూసుకోని ఆడతాండారు, ఇది కబడ్డీనా, హోళీనా?" అని గ్రౌండులో కూర్చుండిపోయినారు. ఆఖరికి మాస్టారు, "జెర్సీలు విప్పేయండ్రా" అన్యాడు.

విప్పేసినారు. విప్పితే లోపల ఇంకో జెర్సీ! అదే ఎరుపు, అదే మెడ, అదే పొట్టి చేతులు, ఒంటి మింద అచ్చంగా దిగిపోయుండాయి. మొహాలూ చేతులూ ఒక రంగు, మధ్యలో ఒక రంగు. జనంలో నుంచి ఒకడు అరిచినాడు, "ఒరేయ్, మదనపల్లి టమోటా లోడు దిగిందిరా!"

ఇంగ ఆట యాడ సాగుతాది? కూతకి పోయినోడు "కబడ్డీ కబడ్డీ" అంటాంటే పక్క నుంచి జనం "టమోటా టమోటా" అంటాండారు. వానికి నవ్వొచ్చి ఊపిరి తెగిపోతాండాది. పుంగనూరు రెండు పాయింట్లతో ఓడిపోయింది.

శెట్టన్న లేస్తా, సంచిలో నుంచి ఒక నైటీ లాగి, పక్కన సోడా తాగతాండే ఆయన దగ్గిర సోడా తీసుకోని దాని మింద పోసి, తన తెల్ల పంచె కొసతో గట్టిగా రుద్దినాడు. పంచె తెల్లగానే ఉండాది. ఇంకోసారి రుద్దినాడు. తెల్లగానే ఉండాది.

"ఈ గుడ్డ తెచ్చింది యెవరమ్మా?"

"గుడ్డ తెచ్చింది మా వదిన అన్నా."

"మీ వదిననే రమ్మని చెప్పు" అని పంచె దులుపుకోని పోయినాడు.

నేను పుంగనూరు టీమ్ కంట పడకుండా వెనక గేటు నుంచి బస్టాండుకి పరిగెత్తినాను. బస్సులో కూర్చోని కళ్ళెమ్మట నీళ్ళు. అంత మందిలో ఆ పిలకాయల మానం తీసేసినాను గదా అని. నవ్వులాట మాటలు చెప్తాండా గానీ, ఆ రోజు మటుకు నిజంగా మిషన్ అమ్మేద్దామనుకున్యా.

బుధవారం రెడ్డెప్ప ఇంటికొచ్చినాడు. నేను వంటింట్లో దాక్కున్యా. వదినే ఎదురు పోయింది.

"అమ్మా, తిట్టేదానికి రాలేదు. ఇది యెట్ల పోతాదో చెప్పండి చాలు. సున్నిపిండి రుద్దినా, గిన్నెలు తోమే పీచుతో రుద్దినా. పాలు పోసే ఇళ్ళల్లో ఆడోళ్ళు నా చేతులు చూసి, 'ఏం కలపతాండావు రెడ్డెప్పా పాలల్లో?' అంటాండారు. ఒకామె అయితే పాలు గులాబీగా ఉండాయని కొలతే పోయనీలేదు!"

వదిన ఆయనకి నిమ్మకాయలూ, ఉప్పూ ఇచ్చి రుద్దుకొమ్మని చెప్పింది. రంగు పోయే సమస్యే లేని తెల్ల జెర్సీలు ఏడు ఊరికే కుట్టి ఇస్తామని గూడా చెప్పింది. నేను తలుపు సందులో నుంచి, "క్షమించప్పా" అన్యాను. "పోనీలే అక్కా, మా జన్మలో అన్ని పాయింట్లు యెప్పుడూ రాలేదు" అన్యాడు ఆ మహానుభావుడు.

రెండు వారాలైనాక పక్కింటి వాళ్ళకి ఫోనొచ్చింది, నా కోసమంట. పరిగెత్తినా.

"అక్కా, నేను కుప్పం టీమ్ కెప్టెన్ మాట్లాడతాండా. మాకు ఏడు జెర్సీలు కావాల. అదే గుడ్డ, అదే ఎరుపు. ఏమీ మార్చొద్దు."

నా చెవులు నేనే నమ్మలేదు! ఎవరి ఒంటి మింద మా రంగు అంటుకుందో ఆయనే అడగతాండాడు! ఇంటికొచ్చి, "వదినా, మనల్ని క్షమించినారు. ఆ ఎరుపు వాళ్ళకి నచ్చిందంట. ఈసారి ఒక్క చుక్క రంగు పోకూడదు!" అన్యాను.

వదిన కొంగు దోపుకునింది. మిగిలిన తానంతా ఉప్పూ పటికా వేసిన నీళ్ళలో నానబెట్టినాం. మూడు దినాలు నానబెట్టేదీ, పిండేదీ, పారబోసేదీ. కాలవంతా ఎర్రగా పారతాంటే ఎదురింటామె వచ్చి, "పొట్టేలు కోసినారా? కూర పంపలేదే!" అని నిష్టూరంగా అడిగింది. నాలుగో దినానికి నీళ్ళు తేటగా వచ్చినాయి. ఏడు జెర్సీలు కుట్టి, ఒక్కొక్కదాన్నీ తెల్ల చేతిగుడ్డతో తడిపి తడిపి రుద్ది చూసి, కుప్పం బస్సులో పంపించినాం. ఆ రాత్రి ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిన్యా.

తర్వాతి సోమవారం మధ్యాన్నం ఒకాయన వచ్చి ప్లాస్టిక్ కవరు మిషన్ మింద విసిరికొట్టినాడు. కుప్పం కెప్టెన్!

"ఏందక్కా ఇది?"

నా ప్రాణం పోయింది. "ఏమైందప్పా? చినిగిందా?"

"చినగలా."

"కుట్టు ఊడిందా?"

"ఊడలా."

"రంగు పోయిందా?"

"పోతే బాగుండు గదా!" అని నెత్తి కొట్టుకున్యాడు. "నిన్న వి.కోట ఊరి టీముతో ఆట. వాళ్ళు తెల్ల బనీన్లు వేసుకొస్తారని తెలిసే ఇవి కుట్టించినా. మేం తాకతాండాం, వాళ్ళు తాకలేదంటాండారు, అంపైరు వాళ్ళ బనీన్లు తిప్పి తిప్పి చూస్తాండాడు. ఒక్క మరక లేదు! మధ్యలో నీళ్ళు పోసుకున్యాం. పిండుకున్యాం. ఒకరినొకరు రుద్దుకున్యాం. ఊఁహూఁ! అదే గుడ్డ, ఏమీ మార్చొద్దని చెప్పినానా లేదా? నమ్మి డబ్బులిస్తే ఇంత మోసమా అక్కా?"

వదిన ఆయన డబ్బులు ఆయనకి లెక్కబెట్టి ఇచ్చేసింది.

ఆ జెర్సీలు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉండాయి. నా జన్మలో రంగు పోని ఎర్ర చొక్కాలు కుట్టింది ఆ ఒక్కసారే. అవే వాపసు వచ్చినాయి.