తాతయ్య విప్పిన సెక్స్‌టెంట్

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా సండూరు కొండల్లో ఎక్కడ చూసినా కొత్త గనులు తవ్వుతుండేవారు. ఒక గనిలో మందు పేల్చినప్పుడు చరియ విరిగి మా నాన్న మీద పడింది. బళ్లారి ఆసుపత్రికి తీసుకుపోయారు. అమ్మ వెంట వెళ్లింది. నేను తాతయ్య దగ్గర ఉండిపోయాను.

తాతయ్య మద్రాసు హార్బరులో ఓడల పరికరాలు బాగుచేసి రిటైరైనవాడు. అక్కడి పాతసామాన్ల అంగడిలో కొన్న సెక్స్‌టెంట్ ఒకటి మా ఇంట్లో ఉండేది. సూర్యుడి ఎత్తు కొలిచి, నడిసముద్రంలో తామెక్కడున్నామో ఓడవాళ్లు తెలుసుకునే ఇత్తడి పరికరం అది.

ఇంటికి వచ్చినవాళ్లందరూ నాన్న లేచి కూర్చున్నాడనీ, తొందరలోనే వచ్చేస్తాడనీ చెప్పేవారు. పక్కింటి అక్క నాకు జడ వేస్తూ అదే చెప్పేది. నా ముఖం మాత్రం చూసేది కాదు.

ఒక పొద్దున మేం వెళ్లే చర్చి నుంచి ఎవరో వచ్చి, గుమ్మం దగ్గరే తాతయ్యతో మాట్లాడి వెళ్లారు. తాతయ్య లోపలికొచ్చి సెక్స్‌టెంట్ దించి, చాప మీద కూర్చుని మరలు విప్పసాగాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో భాగమూ చేతికిచ్చాడు. ఇది సూర్యుణ్ణి పట్టే పెద్దద్దం, ఇది సముద్రపు అంచును చూసే చిన్నద్దం, ఈ రంగుగాజులు కళ్లకు ఎండ తగలకుండా. చట్రం మీద కొట్టిన అంకెలే పెద్దద్దాన్ని కదిపే ఇత్తడి చేయి మీదా ఉన్నాయి కాబట్టి ఆ చేయి దీనిదేనని చూపించాడు. అది వంగి ఉంది. ఎప్పుడో ఎవరో కింద పడేశారట.

"కొట్టి సరిచేస్తే బాగైతాదా తాతా?" అని అడిగాను.

ఆయన దాన్ని చాలాసేపు వేళ్లతో తడిమాడు. "చూసేదానికి బాగుంటాదమ్మా. అది చూపించే లెక్క నిజం గాదు. దాన్ని నమ్ముకున్నోళ్లు యాడికో పోతారు."

తర్వాత నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ నాయన ఇంక రాడు తల్లీ. తెల్లారుజామున పోయినాడంట. అందరూ నీకు వస్తాడని చెప్తాండారు. నేను అట్ల చెప్పలేను."

అంతవరకూ గట్టిగా ఉన్న మనిషి అప్పుడు ఏడ్చాడు. కొండ మీద ఆ రోజు కూడా పేలుళ్లు ఆగలేదు. వంటింట్లో గిన్నెలు అదిరాయి. ఏం చేయాలో తెలియక, చాప మీద దొర్లిన మరలు ఏరుతూ ఉండిపోయాను. ఆ సెక్స్‌టెంట్‌ను తాతయ్య మళ్లీ బిగించలేదు. తిరిగొచ్చిన అమ్మ మునుపటిలా మాట్లాడనూ లేదు.

తాతయ్య నిజం చెప్పినందువల్ల నా దుఃఖం రవ్వంత కూడా తగ్గలేదు. కానీ నాన్నను ఇంటికి తెచ్చిన వేళ నేను నవ్వుకుంటూ వాకిట్లోకి పరుగెత్తలేదు. తాతయ్య ఒళ్లో ఉన్నాను. ఇప్పటికీ పిల్లలెవరైనా నన్ను చెప్పడానికి కష్టమైన సంగతి అడిగితే, ముందు వాళ్ల పక్కన కూర్చుంటాను. తర్వాత ఉన్నది చెబుతాను.