నూకరాజు గారి ఓటర్ల జాబితా

మనవరాలి పుస్తకాలకు అట్టలు వేద్దామని మొన్న పొయ్యి మీద మైదా జిగురు ఉడికించాను. అది చిక్కబడి ఆవిరి ముఖానికి కొట్టగానే నర్సీపట్నంలో ఎన్నికల పని జరిగే ఆ ఇరుకు గది కళ్ళ ముందుకొచ్చింది. ఓటర్ల జాబితాలో కొత్త పేర్ల చీటీలు అతికించడానికి అక్కడ అలాంటి జిగురే కాచేవారు. కాచేది గుమాస్తా నూకరాజు గారే. వేరెవరు కాచినా ఉండలు కడుతుందనీ, ఉండ కట్టిన చోట చీటీ ఊడిపోతుందనీ, చీటీ ఊడితే ఒక మనిషి ఓటు పోతుందనీ ఆయన భయం.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. నేను కొత్తగా చేరిన టీచర్ని, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంటింటికీ తిరిగి ఓటర్ల పేర్లు సరిచూసే పని మా మీద పడింది. మొదటి రోజే నూకరాజు గారు బీరువా తెరిచి, మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి జాబితా ఒకటి తీశారు. అందులో చాలామంది ఆడవాళ్ళకు పేర్లు లేవు. అప్పన్న భార్య, రాములు తల్లి, అంతే. పరాయి మగవాడు గుమ్మంలో నిలబడి అడిగితే ఎవరు పేరు చెబుతారు? తర్వాతి జాబితాల్లో ఒక్కో పేరూ బయటికొచ్చింది. హద్దులు మారి కొన్ని ఊళ్ళు పక్క నియోజకవర్గానికి వెళ్ళిపోయినా వాటి పాత కాగితాలను ఆయన పారేయలేదు. ఎప్పుడు ఎవరు ఎంత మెజారిటీతో గెలిచారో టీ కొట్టు దగ్గర అందరూ చెప్పేవారు. ఆ లెక్క ఆయనకు అక్కరలేదు. “గెలిచినోళ్ళ పేర్లు గోడల మీద రాస్తారమ్మా. ఓటేసినోళ్ళ పేర్లకి ఈ బీరువా ఒక్కటే దిక్కు,” అన్నారు.

అంత చెప్పించుకుని కూడా నేను తప్పు చేశాను. ఒక వీధి చివర పెంకుటింటికి తాళం వేసి ఉంది. జాబితాలో దేముడమ్మ అన్న పేరుంది. పక్కింటామె చేటతో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే, “ఆ ముసిల్దా, ఎలిపోయిందమ్మా,” అంది. ఎండ మండుతోంది. ఇంకా ముప్ఫై ఇళ్ళు చూడాలి. నేను ‘మరణించారు’ అని రాసి, పేరు మీద గీత కొట్టి ముందుకు నడిచాను.

కొన్ని నెలలకు ఎన్నికలు వచ్చాయి. నామినేషన్ల ఆఖరి రోజు ఉదయం నేనేదో పని మీద ఆ గదిలో ఉండగా, ఒక ముసలావిడ చేతికర్రతో గడప దాటి వచ్చింది.

“నాను సచ్చిపోయానని రాసినారట, ఏటి బాబూ? కోటవురట్లలో మా పిల్ల పురిటికెల్లొచ్చేసరికి నా ఓటు తీసేసినారు!”

నూకరాజు గారు ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. తర్వాత జాబితాలో ఆ వీధి కాగితం తిరగేసి నా చేతిరాత చూశారు. నా వైపు చూశారు. గోడ గడియారం చూసి, “పేర్లు చేర్చడానికి ఈ మజ్జాన్నం దాకానే టైము. సంతకం పెట్టాల్సిన ఆఫీసరు నక్కపల్లి క్యాంపులో ఉన్నారు. బేగి రండి, బస్సుంది,” అన్నారు.

ముగ్గురం బస్సెక్కాం. దేముడమ్మ కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా చెబుతూనే ఉంది. మొదటి ఎన్నికల్లో తను అప్పన్న పెళ్ళామేనట. రెండోసారి జాబితా రాయడానికి వచ్చిన కుర్ర గుమాస్తా గుమ్మం బయటే నిలబడి, పేరు చెప్పేదాకా కదలనన్నాడట. “ఈ బాబే! అప్పుడు మీసాలు కూడా సరిగ్గా లేవు. మా ఆయన కర్రట్టుకొచ్చినా ఎల్లలేదు,” అని నవ్వింది. నూకరాజు గారు సిగ్గుపడి కిటికీలోంచి చెరకు తోటలు చూడసాగారు. అప్పుడు తెలిసింది నాకు, నేను కొట్టిన గీత దేని మీద పడిందో.

ఆఫీసరు గారు భోజనానికి లేవబోతూ మమ్మల్ని చూసి, సంగతి విని విసుక్కున్నారు. “ఇదెవరి నిర్వాకం?”

“నాదేనండి. సరిచూడాల్సింది నేను,” అన్నారు నూకరాజు గారు.

ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. “కాదండీ, రాసింది నేను. ఒక్కరిని అడిగి రాసేశాను,” అన్నాను.

ఆఫీసరు గారు ముసలావిడ వైపు తిరిగారు. “దేముడమ్మంటే నువ్వేనా?”

“నాను కాపోతే ఇంకెవులు బాబూ? సచ్చినోళ్ళు బస్సెక్కి వస్తారేటి?”

ఆఫీసరు గారికి నవ్వాగలేదు. మళ్ళీ కూర్చుని, నూకరాజు గారు రాసుకొచ్చిన దరఖాస్తు చదివి సంతకం పెట్టారు. బయటికొచ్చాక నేను మెట్ల మీద కూలబడి ఏడ్చేశాను. బరువంతా ఒక్కసారి దిగిపోయిన ఏడుపు అది. దేముడమ్మ పక్కన కూర్చుని వీపు నిమిరింది. “ఊరుకో తల్లీ, బతికే ఉన్నాను కదా,” అంది. నూకరాజు గారు ఎదురుగా ఉన్న బండి దగ్గర మూడు సోడాలు కొట్టించుకొచ్చారు. తాగడం అయ్యాక ఒక్క మాటన్నారు. “మనిషి లేదని రాసేముందు ఇద్దర్ని అడగాలమ్మా. అప్పటికీ అనుమానముంటే మళ్ళీ ఎల్లాల.”

పోలింగు రోజున ఆ వీధి బూత్‌లోనే నాకు డ్యూటీ పడింది. ఓటరు పేరు ఏజెంట్లకు వినబడేలా చదవడం నా పని. అదనపు జాబితాలో ఆఖరి పేరు దేముడమ్మది. నేను ఇంటిపేరుతో సహా గట్టిగా చదివాను. “ఉన్నానమ్మా!” అంటూ ఆమె వేలు చాపింది. ఏజెంట్లు కూడా నవ్వారు. ఆమె ఎవరికి వేసిందో, వాళ్ళు గెలిచారో లేదో నాకు తెలియదు.

నూకరాజు గారు ఎనభైల మధ్యలో రిటైరయ్యారు. ఆ బీరువా తాళం కొత్త గుమాస్తాకు ఇచ్చేటప్పుడు ఆయన చెయ్యి కాస్త ఆలస్యం చేసిందని చూసినవాళ్ళు చెప్పారు. నేను బళ్ళో ఇంకా చాలా ఏళ్ళు పనిచేశాను. నెలల తరబడి రాని పిల్లల పేర్లు హాజరు పట్టీలోంచి తీసెయ్యమని ఏటా చెప్పేవారు. ముందు వాళ్ళింటికి వెళ్ళొస్తానని చెప్పేదాన్ని, వెళ్ళేదాన్ని. కొన్నిచోట్ల నిజంగానే ఊరు విడిచిపోయేవారు. కానీ ఒక చెరకు కోతల కాలంలో సత్యవతి అనే పిల్లను వెతుక్కుంటూ తోట దాకా వెళ్తే, గట్టు మీద తమ్ముణ్ణి ఆడిస్తూ కనిపించింది. వాణ్ణి చూసేవాళ్ళు లేక బడి మానేసిందట. వాణ్ణి కూడా తీసుకురమ్మన్నాను. సోమవారం వాణ్ణి చంకనేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది.