నేను టైపు చేయని ఉత్తరం

2003. అమలాపురంలో ఆరు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్‌లో నేను ఆపరేటర్‌ని. ఆ గురువారం మధ్యాహ్నం సత్యవతిగారి మెయిల్ తెరిచి, ఇన్‌బాక్స్ అనుకుని సెంట్ ఐటమ్స్ నొక్కాను. మనం పంపిన ఉత్తరాలు ఉండే చోటు అది. మస్కట్‌లో ఉన్న ఆవిడ భర్తకి వెళ్ళిన ఉత్తరం ఒకటి కనబడింది: "ఇంటి ఫోన్ పాడైంది. నెలాఖరు దాకా చేయకండి." ఆవిడ ఉత్తరాలన్నీ టైపు చేసేది నేనే. ఇది నేను చేసింది కాదు. పక్కన కూచున్న ఆవిడకేసి తిరిగి అడిగాను.

"మీ ఫోన్ పాడైందాండీ?"

"లేదండీ. పొద్దున్న మా అత్తగారు గంట మాట్లాడేరు కూడాను."

ఇన్‌బాక్స్‌లో రెండు రోజుల క్రితం వచ్చిన ఉత్తరం ఉంది. భర్త పేరే, ఐడీ మాత్రం వేరు. బయటికి చదివాను. "పాత ఐడీ పనిచేయడం లేదు, ఇక దీనికే రాయి. గురువారం నా స్నేహితుడు పాపని స్కూల్నించి తీసుకెళ్ళి సైకిలు కొనిపెడతాడు."

ఆవిడ నవ్వింది. "సైకిలు, సైకిలని చంపేస్తోందండీ అది. అదేంటండీ, మీరలా అయిపోయేరు?"

"ఈవేళ గురువారం కదండీ."

కౌంటర్ దగ్గర ఫోన్ అందుకుని స్కూలుకి చేశాను. హెడ్‌మిస్ట్రెస్ గారు తీరిగ్గా చెప్పేరు. "ఆయ్, ఒకాయన వచ్చేరండి. పాప పేరు, తండ్రి ఊరు అన్నీ సరిగ్గా చెప్పేరు. బెల్లు కొట్టేదాకా కూచోమన్నాను."

"పాపని పంపకండి. మీ గదిలో కూచోబెట్టుకోండి." ఆవిడ అప్పటికే రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఆపుతోంది.

మేం ఆటోలో వెళ్ళేసరికి పాప ఆ గదిలో బిస్కట్ తింటోంది. ఆ మనిషి లేడు. పోలీసులకి చెప్పాం. ఎవరో ఇప్పటికీ తెలియదు.

తప్పు నాది. అందరి ఐడీలూ, పాస్‌వర్డ్‌లూ ఒక నోటుపుస్తకంలో రాసి కౌంటర్ మీద ఉంచేదాన్ని, నేను లేని రోజున ఎవరూ ఉత్తరం చూసుకోకుండా తిరిగి వెళ్ళకూడదని. మెయిల్ తెరిచే ఆ రహస్య పదం మర్చిపోకుండా ఉంటారని అందరికీ పిల్లల పేర్లే పెట్టాను. తండ్రి ఊరూ, స్కూలూ, మిగతావన్నీ వాళ్ళ ఉత్తరాల్లోనే ఉంటాయి. వాడు మా సెంటర్లోనే కూచుని చదివుంటాడు. బహుశా నేనే లేచి కుర్చీ చూపించి ఉంటాను.

ఆ సాయంత్రమే పుస్తకం కాల్చేశాను. తర్వాత ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళ చేతే కొట్టించాను, మొహం పక్కకి తిప్పుకుని. టైపు కొట్టడం రానివాళ్ళకి నేర్పాను, గంట పట్టినా. వాళ్ళ గుట్టు నా దగ్గర భద్రమనుకోవడమే నేను చేసిన పొరపాటు.

మర్నాడు పొద్దున్న మా ఆడపిల్లలిద్దరికీ జడలు వేస్తూ చెప్పాను. "నేను గానీ నాన్నగారు గానీ వస్తేనే స్కూల్నించి రావాలి. అమ్మ పంపిందన్నా, మీ పేర్లు చెప్పినా వెళ్ళకూడదు."

"టీచరుగారు వెళ్ళమంటేనో?" అంది పెద్దది.

"అయినా వెళ్ళొద్దు. గట్టిగా ఏడవండి."

"ఏడిస్తే కొడతారమ్మా."

"కొట్టనీ. నేను వచ్చేదాకా ఏడుస్తూనే ఉండండి."