తలవెరా టైల్స్, గూనపెంకలు

2022 సెప్టెంబరులో నన్ను స్పెయిన్ పంపించారు. అప్పటికి దుబాయ్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో ఫినిషింగ్ పనుల క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నాను. రిటైర్ కావడానికి ఇంకో రెండేళ్ళుంది. ఇన్‌స్పెక్టరంటే పెద్ద హోదా ఏమీ కాదు, ఫోర్‌మన్‌కు పైన, ఇంజనీరుకు కింద. అయినా నా సంతకం పడనిదే ఏ గోడా, ఏ నేలా పూర్తయినట్టు కాదు కాబట్టి ఇంజనీర్లు కూడా 'బాషా సార్' అనేవారు. మాది ప్రొద్దుటూరు. ముప్ఫై ఏళ్ళలో నేను వద్దని వెనక్కి పంపిన టైల్స్ పరిస్తే, మేం కాపురమున్న షార్జా అల్ నహ్దా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండేది. ఆ మాట నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

పని ఇదీ. ఒక విల్లా లోపలి ముంగిట్లో ఫౌంటెన్ వెనక గోడంతా తలవెరా అనే స్పానిష్ ఊళ్ళో చేత్తో చేసిన టైల్స్ అతికించాలి. సరుకు ఓడ ఎక్కకముందే ఒకరు వెళ్ళి పరీక్షించి రావాలి. సంచిలో మందం కొలిచే కాలిపర్, మూలమట్టం, రంగులు పోల్చే కార్డు సర్దుకుని బయల్దేరాను.

మాడ్రిడ్ నుంచి కారులో గంటన్నర ప్రయాణం. ఆ ఊళ్ళో దిగాక ఎటు చూసినా టైల్సే. దుకాణాల ముఖాలకు టైల్స్, వీధి పేర్లు టైల్స్ మీద, పార్కులో బెంచీలకు కూడా అవే. పార్కు పక్కనున్న పాత చర్చి మంటపం గోడల నిండా నీలం, పసుపు బొమ్మలు. వందల ఏళ్ళుగా ఎండకీ వానకీ నిలబడి ఉన్నాయి. నేను వీధికి ఇవతల నిలబడి ఎంతసేపు చూశానో నాకే తెలియదు. బతుకంతా టైల్స్‌తోనే గడిపినవాణ్ణి, టైల్స్ చూసి మనసు నిండడం అదే మొదటిసారి.

కార్ఖానా యజమానురాలు అరవై దాటిన పెద్దావిడ. అక్కడ ముఖ్యమైన బొమ్మలన్నీ ఆవిడే వేస్తుంది. ఆవిడ మాటలు మేనకోడలు ఇంగ్లీషులో చెప్పేది. ముందు మట్టి పలకను ఒకసారి కాలుస్తారు. తర్వాత దాన్ని గ్లేజు అనే తెల్లటి పూతలో ముంచి ఆరబెడతారు. కాగితం మీద గీసిన బొమ్మ వెంట సూదితో చిల్లులు పొడిచి, దాన్ని పలక మీద పరిచి, బొగ్గుపొడి మూటతో అద్దుతారు. మన దగ్గర మగ్గం వర్క్ చేసేవాళ్ళు జాకెట్టు మీద డిజైను దించినట్టే. ఆ చుక్కల వెంట కుంచెతో రంగు వేస్తారు. ఆరిన గ్లేజు పొడిపొడిగా ఉంటుంది కదా, తాకిన రంగును తాకినట్టే పీల్చేస్తుంది. చెరపడం, దిద్దడం కుదరదు. పెద్దావిడ చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. ఎవరి పనికీ ఊరికే తలూపే అలవాటు లేనివాణ్ణి, ఆవిడకి మాత్రం నమస్కారం పెట్టాను.

మర్నాడు దగ్గర్లోనే పాత వంతెన ఉన్న ఇంకో కుమ్మరి ఊరికి తీసుకెళ్ళారు. అక్కడి సరుకులో పచ్చరంగుదే రాజ్యం. మేం వెళ్ళేసరికి ఒక బట్టీ తెరుస్తున్నారు. పై అరలో పళ్ళేలు లేతగా, కింది అరలో ముదురుగా కాలి ఉన్నాయి. మంట ఎక్కడ ఎంత తగిలిందో దాన్నిబట్టి రంగు. చూసి బాగుందనుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదు.

మూడోరోజు మన సరుకు కొలిచాను. ఏ టైలూ ఇంకోదానితో సమానంగా లేదు. రంగు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒకే పువ్వు ఒకదాని మీద ఆకాశంలా, పక్కదాని మీద సిరాలా ఉంది. ఆ మాటే అన్నాను. పెద్దావిడ నవ్వి, ఒకేలా కావాలంటే మిషను దగ్గరికి వెళ్ళమంది. ఐదు పెట్టెలు విప్పించి, ఒక్కోదానిలోంచి ఒక్కోటి తీసి నేలమీద పక్కపక్కన పేర్చి, ఇలా కలిపి పరచాలని చేత్తో చూపించింది. బత్తాయిలమ్మేవాడు మచ్చ ఉన్నవాటిని మంచివాటి మధ్య దాచినట్టు, సరుకులో లోపం కప్పిపుచ్చుతోందనుకున్నాను. పగుళ్ళు లేవు కాబట్టి సరుకు పాస్ చేశాను. నోట్‌బుక్‌లో మాత్రం 'రంగు తేడా ఉంది, సైటులో ఏరించాలి' అని రాసుకున్నాను.

తిరిగొచ్చాక మెథడ్ స్టేట్‌మెంట్ రాశాను. పని ఏ వరసలో, ఎలా చెయ్యాలో రాసే కాగితమది. దాని మీద సంతకాలు అయ్యాక మేస్త్రీ ఆ గీత దాటకూడదు. ఫ్యాక్టరీ టైల్స్ పెట్టెల మీద షేడ్ నంబరుంటుంది. రెండు షేడ్లు కలపకపోవడం మా పనిలో ఓనమాలు. ఆ ఓనమాలే ఇక్కడా దిద్దించాను: లేత, మధ్యరకం, ముదురు అని మూడు కుప్పలు పెట్టాలి, ఏ కుప్పకి ఆ కుప్ప పరవాలి.

పని మల్లేశానికి అప్పజెప్పాను. జగిత్యాల వైపు మనిషి, ఇరవై ఏళ్ళుగా గల్ఫ్‌లో టైల్స్ మేస్త్రీ, ఉండేది దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని మా క్యాంపులో. ఇలాంటి సరుకును గోడకి అతికించే ముందు, జిగురు లేకుండా గోడంత మేర నేలమీద పరిచి, యజమాని తరఫున పని తనిఖీ చేసే కన్సల్టెంటుకు చూపించాలి. దాన్ని డ్రై లే అంటారు. క్యాంపు పక్కనున్న మా షెడ్డులోనే అది పెట్టుకున్నాం. కాగితం చదివి వినిపించగానే మల్లేశం తల గోక్కున్నాడు.

"సార్, గిట్ల ఏరుడెందుకు? అన్ని డబ్బలు ఇప్పి కలిపి పెడ్తే మంచిగుంటది గద."

"కాగితంలో ఏముందో అది చెయ్యప్పా. యల్లా, కానీ," అన్నాను. తలెత్తి అతని వైపు చూసినట్టు కూడా గుర్తులేదు.

మూడురోజులు కూర్చుని ఏరాడు. నేను రాసినదానికి వెంట్రుకవాసి తేడా లేకుండా పరిచాడు. కన్సల్టెంట్ తరఫు ఆర్కిటెక్టు, ఈజిప్టు ఆవిడ, విల్లా యజమానిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. నిచ్చెనెక్కి చూస్తే పైన తెల్లగా, మధ్యలో ఒక రకంగా, కింద నల్లగా మూడు పట్టీలు. చెమ్మ ఎక్కిన గోడలా ఉందని ఆవిడ అంటే, యజమాని బయటికి వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రానికి ఎన్‌సీఆర్ వచ్చింది. పని ఒప్పందం ప్రకారం లేదని రాతపూర్వకంగా చెప్పే నోటీసది. అందులో 'మూలకారణం' అని ఒక గడి ఉంటుంది, నింపాల్సింది నేను. మా ముదీర్, అంటే ప్రాజెక్ట్ మేనేజర్, కోపంతో ఊగిపోతున్నాడు. "ఆ మేస్త్రీ పేరు రాసెయ్, ఖలాస్," అన్నాడు. మల్లేశం వీసా రెన్యూవల్ కాగితం ఆ నెలే ఆయన టేబుల్ మీదికి వచ్చింది. ఆ గడిలో అతని పేరు పడితే రెన్యూవల్ ఉండదు, ఇంటికే. ముప్ఫై ఏళ్ళలో నా పేరున ఒక్క ఎన్‌సీఆర్ కూడా లేదు. అబద్ధం ఎందుకు, కాసేపు పెన్ను అతని పేరు వైపే మొగ్గింది.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్ళాను. మల్లేశం టైల్స్ మళ్ళీ పెట్టెల్లో సర్దుతున్నాడు. ఆ రోజు ఎందుకు కలపమన్నావని అడిగాను.

"మా ఊళ్ల గూనపెంకలు గిట్లనే ఉంటయి సార్. బట్టిల మంట అంతట ఒక్కతీరు తాకది. కలిపి కప్పినమనుకో, ఇల్లు మంచిగ కొడ్తది. ఏరి కప్పితే మచ్చలు మచ్చలు కానొస్తది. మా నాయిన గదే పని చేసేటోడు."

అప్పుడు పెద్దావిడ నేలమీద పేర్చిన ఐదు టైల్స్ గుర్తొచ్చాయి. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. నేను వీధికి ఇవతల నిలబడి మురిసిపోయిన ఆ మంటపం గోడలో ఏ రెండు నీలాలూ ఒకటి కావు. కళ్ళారా చూశాను, బుర్రకి ఎక్కలేదు. సిగ్గేసింది.

షెడ్డులోనే మడత విప్పి, మూలకారణం గడిలో ఇలా రాశాను: 'మెథడ్ స్టేట్‌మెంట్ తప్పు. మేస్త్రీ ముందే అభ్యంతరం చెప్పాడు, ఇన్‌స్పెక్టర్ పట్టించుకోలేదు.' కింద నా పేరు, సంతకం. ముదీర్ అది చదివి నాతో వారం రోజులు మాట్లాడలేదు. కానీ మల్లేశం కాగితం ఆపడానికి ఆయనకిక కారణం మిగల్లేదు.

మల్లేశం పెట్టెలన్నీ విప్పి, కలిపి, రెండు రోజుల్లో పరిచాడు. రెండు వరసలకోసారి నిచ్చెనెక్కి చూసి, దిగి, ఒకటో రెండో మార్చేవాడు. ఈసారి ఆర్కిటెక్టు నిచ్చెన మీంచి చాలాసేపు దిగలేదు. దిగి, సంతకం పెట్టింది. టైల్స్ గోడకి ఎక్కి, ఫౌంటెన్ నీళ్ళ వెలుగు దాని మీద పడ్డాక ఎంత బాగుందో చెప్పడం నా వల్ల కాదు.

రిటైరైనప్పుడు మాలో ఇన్‌స్పెక్టర్లకిచ్చే ఉత్తరంలో 'సర్వీసులో ఒక్క ఎన్‌సీఆర్ లేదు' అన్న వాక్యం ఉంటే గొప్ప. నా ఉత్తరంలో అది లేదు. దానికి బదులు, ఆ గోడ తర్వాత నేను రాసిన ప్రతి మెథడ్ స్టేట్‌మెంట్‌లోనూ 'మేస్త్రీ అభిప్రాయం' అని ఒక గడి చేర్చాను. అది నింపి మేస్త్రీ సంతకం పెట్టాకే నేను పెట్టేవాణ్ణి.

ఆ పని గురించి నాకు ఇద్దరు ముందే చెప్పారు. ఒకరి మాట నాకు చేరడానికి మధ్యలో మేనకోడలు కావలసి వచ్చింది. రెండో మనిషి తెలుగులోనే చెప్పాడు. నేను ఇద్దరిదీ వినలేదు.