చక్కెర లేని టీ

పేము కుర్చీలు అల్లే ఆయన్ని ఆ వీధిలో అందరూ అల్లికాయన అనే పిలిచేవారు. ఎవరైనా చిరిగిన కుర్చీ తెచ్చి ఆయన బల్ల మీద బోర్లా పెట్టారంటే, ఎప్పటికి బాగవుతుందని కాక ముందు కారణం అడిగేవారు. "ఎలా పోయిందంటావు? మా బావగారి బరువుకేనా?"

"కూర్చుంటే పోయిందండీ. నిలబడితే పోదుగా," అని ఆయన పేము బద్దలు నీళ్లలో నానబెట్టుకునేవాడు.

కారణం అనే మాటంటేనే ఆయనకు గుబులు. ఇంట్లో అది విని విని ప్రాణం విసిగిపోయింది.

వయసులో ఉండగా ఒక సంబంధం కుదిరినంత పనయింది. అమ్మాయి నెమ్మదస్తురాలు, నవ్వితే ఇల్లంతా తేలికపడేది. ఆయన కూడా తన మనసును బతిమాలుకున్నాడు, తిట్టుకున్నాడు, పక్కింటివాణ్ణి చూసి నేర్చుకోమన్నాడు. అది మాట వినలేదు. పని నేర్చుకునే రోజుల్లోనే, తోటి పనివాడు పేము బిగించి లాగుతుంటే ఆ ముంజేతుల వంక చూసి, ఎందుకో తెలియకుండానే సిగ్గుపడి తల దించుకున్న మనసది. అప్పటికి ఆ సిగ్గుకో పేరుంటుందని కూడా ఆయనకు తెలియదు. అమ్మాయికి అబద్ధం చెప్పకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాడు. ఈ వ్యవహారం మొత్తంలో ఆయన ఏరికోరి తీసుకున్న నిర్ణయం అదొక్కటే.

"నాకు ఆడవాళ్ల మీదికి మనసు పోదమ్మా. ఎప్పుడూ పోలేదు," అని తల్లికి చెప్పేశాడు.

ఆవిడ చేతిలోని టీని అలాగే తూములో పారబోసింది. చెంచా నిలబడేంత తీపి తాగుతుందని మొగుడు బతికున్నప్పుడు వేళాకోళం చేసేవాడు. అలాంటి మనిషి ఆ రోజు నుంచి తీపి ముట్టలేదు. "తప్పు నా దగ్గరే ఎక్కడో ఉంటుంది. అది తేలేదాకా నాకిదే శిక్ష," అంది.

ఇక వెతకడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు ముచ్చటపడి వాడికి అక్క గౌన్లు తొడిగానే, అందుకేనా? కడుపుతో ఉండి మెట్ల మీద జారానే, అందుకేనా? తండ్రి పోయాక నా కొంగు పట్టుకునే పెరిగాడు, అందుకా? ఒకసారి కొడుకుని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి కూడా వెళ్లింది. "ఎవరూ చేసింది కాదమ్మా, కొందరి స్వభావం అంతే," అని ఆయన ఓపిగ్గానే చెప్పాడు. బయటికొచ్చి, "విన్నావుగా, పుట్టుకలోనే ఉందట. కన్నది నేనేగా మరి," అని మెట్ల మీద కూలబడింది.

అల్లికాయన షాపు పైనున్న రెండు గదుల్లో ఒక బస్సు డ్రైవరుతో కాపురం పెట్టాడు. తల్లిని చూడటానికి వెళ్లినప్పుడల్లా డ్రైవరు సందు మొదట్లోనే ఆగిపోయేవాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

చివరికి తల్లి కూతురింట్లో మంచం పట్టింది. డాక్టర్లు చేతులెత్తేశారు. ఒక మధ్యాహ్నం అక్క కబురు చేసి, గుమ్మంలోనే ఆపింది. "ఈసారైనా ఏదో ఒకటి తేల్చి చెప్పరా. రాత్రీ పగలూ ఆ గౌన్ల గోలే. ప్రాణం కుదురుగా పోయేలా లేదు."

తల్లి కొడుకు చెయ్యి పట్టుకుంది. "చిన్నోడా, నిజం చెప్పు. నా వల్లేనా?"

"కాదమ్మా."

"మరెవరి వల్ల? ఊరికే వస్తుందా?"

పుట్టుకతో వచ్చిందంటే కడుపును తిట్టుకుంటుంది. తెలియదంటే మళ్లీ గౌన్ల దగ్గరికి పోతుంది. ఆయన పేము కోసుకుపోయిన తన వేళ్ల వంక చూసుకున్నాడు.

"ఎవరి వల్లా కాదు. నేనే కావాలని ఎంచుకున్నాను. పెళ్లాం, పిల్లలు, ఆ జంజాటం ఎందుకనిపించింది. తలుచుకుంటే నేనూ అందరిలాగే ఉండేవాణ్ణి."

ఆవిడ చాలాసేపు చూసింది. "ఉండేవాడివా?"

"ఊఁ."

"ఇన్నేళ్లూ నన్ను చూస్తూ కూడా తలుచుకోలేదా?"



తల్లి చెయ్యి వదిలేసింది. "పెద్దదానా, టీలో చక్కెర వెయ్యవే."

అక్క బిత్తరపోయి చూసి, డబ్బా తెచ్చి మంచం పక్కనున్న టీలో వేసింది. ఆయన కప్పు అందుకోబోతే, "నువ్వొద్దు, దాన్ని పట్టనీ," అంది తల్లి. చుక్క మిగల్చకుండా తాగి, గోడవైపు తిరిగి పడుకుంది. తాగేటప్పుడు ఆ మొహంలో ఉన్నంత తెరిపి ఆయన ఎన్నడూ చూడలేదు.

గుమ్మం దగ్గర అక్క అడిగింది. "నిజమేనట్రా?"

అక్క కడుపులో మాట దాగదు. సాయంత్రానికల్లా అమ్మకు చేరిపోతుంది. "నిజమే," అన్నాడు.

"అయితే మమ్మల్నందర్నీ ఉత్తపుణ్యానికి ఏడిపించావన్నమాట," అని అక్క తలుపు వేసుకుంది.

సందు మొదట్లో డ్రైవరు స్కూటరుకు చేరగిలబడి ఉన్నాడు. "ఏమంది?"

"టీలో చక్కెర వేయించుకుంది."

ఆ శిక్ష సంగతి డ్రైవరుకు తెలుసు. చేరగిలబడ్డవాడు నిటారుగా నిలబడ్డాడు. "ఏం చెప్పావేంటి?"

"నేనే ఎంచుకున్నానని."

"ఎంచుకునేవాడివే అయితే, ఈ బట్టతలనా ఎంచుకుంటావ్?" అన్నాడు డ్రైవరు. ఆయన నవ్వకపోయేసరికి, భుజం మీద చెయ్యి వేసి స్కూటరు తీశాడు.

ఆ తర్వాత కూడా అల్లికాయన వెళ్తూనే ఉన్నాడు. వెళ్లినప్పుడల్లా ఆవిడ కళ్లు మూసుకునే ఉండేది. ఊపిరిని బట్టి మెలకువగానే ఉందని తెలిసిపోయేది. మంచం పక్కన ఖాళీ కప్పు, దాని అడుగున కరగని చక్కెర. అది కడిగి బోర్లించి, చప్పుడు కాకుండా బయటికి వచ్చేసేవాడు.