గుండీలు ఏ వైపు?

గత డిసెంబరు మొదటి శుక్రవారం, ఉదయం ఏడుంబావుకి అరకులోయ సంతలో రాజ్మా గింజలు కొంటున్నాను. అమ్ముతున్న పెద్దాయన విదేశీ కోటు వేసుకుని దర్జాగా కూర్చున్నాడు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు కస్టమ్స్ ఆఫీసులో దిగుమతి దుస్తులను సుంకం కోసం వర్గీకరించాను. కోటు కనబడితే నా కళ్లు గుండీల వైపే పోతాయి. ఎడమ అంచు పైకి వస్తే మగవాళ్లది, కుడి అంచు వస్తే ఆడవాళ్లది.

“అన్నా, ఇది ఆడవాళ్ల కోటు,” అనేశాను.

చుట్టూ అందరూ ఘొల్లున నవ్వారు. ఆయన గబగబా కోటు విప్పేశాడు. ఆ విసురుకి ఒక గుండీ తెగి పడింది. మంచులో పలుచటి చొక్కాతో వణుకుతున్నాడు. వేసుకోమని బతిమాలినా వినలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

పక్కనున్న ఆయన భార్య నన్ను ఎగాదిగా చూసింది. “సలికి ఆడా మగా ఉంటాదేటమ్మా? మరి నువ్వేసుకున్నది ఎవుల్ది?”

తల దించి చూసుకున్నాను. ఎడమ అంచే పైన ఉంది. నాలుగు చలికాలాలుగా వేసుకుంటున్నా ఒక్కసారీ గమనించలేదు.

“పోయిన మా ఆయనది,” అన్నాను.

“మరేటి! మీ ఆయనది నువ్వేసుకో. ఇది నాదనుకుని ఈయనేసుకుంటాడు,” అంటూ కోటు ఆయన భుజాల మీద కప్పింది. అప్పుడు నవ్వాడాయన.

తెగిన గుండీ రాజ్మా కుప్పలో ఎంత వెతికినా దొరకలేదు. నా సంచిలో ఎప్పుడూ సూదీ దారం ఉంటాయి. మా వారి కోటు కింది గుండీ తీసి అక్కడే కూర్చుని కుట్టిచ్చాను. ఆ ఖాళీలోంచి చలి దూరినప్పుడల్లా ఆ దంపతులే గుర్తొస్తారు.

ఆ రోజు నాకు పోయినవి: గుండీ ఒకటి, ఎనిమిదిన్నర బస్సు ఒకటి.